అప్‌డేట్ తర్వాత వీఎం స్క్రీన్ నల్లబడిందా? డిలీట్ కొట్టే ముందు ఇవన్నీ చూడండి

ఆదివారం రాత్రి పదిన్నరకు మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. కాజీపేటలో రూమ్ తీసుకొని ఇంజినీరింగ్ చదువుతున్నాడు, రూమ్ స్టేషన్‌కు దగ్గర కాబట్టి వాడు మాట్లాడేటప్పుడల్లా వెనక రైలు అనౌన్స్‌మెంట్ కూడా వినాల్సిందే. "మామా, స్క్రీన్ అంత నల్లగనే ఉన్నది, కర్సర్ గూడ కనిపిస్తలేదు. రేపు ల్యాబ్ ఎగ్జాం. డిలీట్ కొట్టి మళ్ల ఎక్కియ్యనా?" అన్నాడు. వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మిషన్ లేదా వీఎంను నడిపే ప్రోగ్రాం)లో ఉబుంటు అనే లినక్స్ వేసుకున్నాడు, సాయంత్రం అప్‌డేట్ అడిగితే సరే అని నొక్కాడు, రీస్టార్ట్ అయ్యాక ఇక బొమ్మ లేదు. సెమిస్టర్ మొత్తం రాసిన ప్రోగ్రాములు ఆ డిస్కులోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు.

"ఆగురా, ఏం ముట్టుకోకు" అన్నాను. బయట వాన, లేకపోతే హన్మకొండ నుంచి బండి మీద పావుగంటలో పోయేవాణ్ని. అందుకే మొత్తం ఫోన్‌లోనే చెప్పాల్సి వచ్చింది. అదే క్రమంలో ఇక్కడ రాస్తున్నాను, మా వాడికి అవసరం పడనివి కూడా కలిపి. కమాండ్లను ఫోన్‌లో పలికినట్టే రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో, అన్నీ చిన్నబడి అక్షరాల్లో కొట్టండి. హైఫన్ అంటే మధ్య గీత, అండర్‌స్కోర్ అంటే కింద గీత. ఈ రెండింటి దగ్గరే మాకు పది నిమిషాలు పోయాయి.

ముందు డిస్కును కాపాడుకోండి

స్క్రీన్ నల్లగా ఉందంటే మిషన్ పోయిందని కాదు. చాలాసార్లు లోపల ఉబుంటు మంచిగానే నడుస్తుంటుంది, బొమ్మను బయటికి పంపే దారిలో ఎక్కడో ఒకచోట తెగి ఉంటుంది. మీ ఫైళ్లకు, ఆ బొమ్మకు సంబంధం లేదు. కాబట్టి "రిమూవ్" నొక్కినప్పుడు వచ్చే "డిలీట్ ఆల్ ఫైల్స్" అనే బటన్ జోలికి అసలు పోవద్దు, ఫైళ్లు నిజంగా పోయేది దానివల్లే.

వీఎంను పవర్ ఆఫ్ చెయ్యండి. సేవ్ స్టేట్ వద్దు, ఎందుకంటే అది పాడైన స్థితినే దాచిపెట్టి మళ్లీ తెరిచినప్పుడు అదే చూపిస్తుంది. ఆఫ్ అయ్యాక ఒక స్నాప్‌షాట్ తీసుకోండి, నిమిషం పట్టదు. ఇకనుంచి మనం ఏం చెడగొట్టినా ఇక్కడికి వెనక్కి రావచ్చు. అయితే స్నాప్‌షాట్ అంటే బ్యాకప్ కాదు, ఆధారం పాత డిస్కు ఫైలే. లాప్‌టాప్ హార్డ్‌డిస్క్ పోతే రెండూ పోతాయి. జాగా ఉంటే వీఎం ఫోల్డర్ మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోండి. పెన్‌డ్రైవ్ అయితే అది ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. జాగా ఉన్నా ఎర్రర్ ఇస్తుంటే కారణం అదే, ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే తీసుకుంటుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి పోతాయి కాబట్టి ముందు వాటిని తీసి పెట్టుకోండి.

ఏ రకం నలుపు?

ఇది చాలామంది వదిలేసే ప్రశ్న. "బ్లాక్ స్క్రీన్" అని వెతికి, దొరికిన కమాండ్లన్నీ వరుసగా కొట్టేస్తారు. నలుపులో నాలుగైదు రకాలున్నాయి, దేనికి మందు దానిదే.

విండో తెరిచిన క్షణం నుంచే ఏమీ లేకపోతే తప్పు బయట, అంటే మీ లాప్‌టాప్‌లోనో వీఎం సెట్టింగుల్లోనో ఉండొచ్చు. ఉబుంటు లోగో వచ్చి ఆ తర్వాత నల్లబడితే కెర్నల్ (ఓఎస్‌కు గుండెకాయలాంటి ప్రోగ్రాం) లేదా గ్రాఫిక్స్ డ్రైవర్ మీద అనుమానం. పై మూలన ఒక చిన్న గీత మిణుకుమంటూ ఆగిపోతే లాగిన్ స్క్రీన్ చూపించే ప్రోగ్రాం లేవలేదని అర్థం, డిస్కు నిండిపోవడం దీనికి మొదటి కారణం. పాస్‌వర్డ్ కొట్టాక నల్లబడినా, మళ్లీ లాగిన్ దగ్గరికే వచ్చినా మీ యూజర్ సెట్టింగుల్లో ఏదో ఉంది. ఇక బొమ్మ వస్తోంది కానీ చిన్న డబ్బాలాగా ఉంటే అది పెద్ద రోగం కాదు, గెస్ట్ అడిషన్స్ (బొమ్మ, మౌస్ సరిగ్గా కుదిరేలా వీఎం లోపల వేసే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాములు) మళ్లీ వెయ్యాలి, అంతే.

ఇంకో మాట, కనీసం ఐదు నిమిషాలు ఆగి చూడండి. 4 జీబీ ర్యామ్, పాత తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్న లాప్‌టాప్‌లో అప్‌డేట్ తర్వాత మొదటి బూట్ నత్తనడకే. విండో కింద కుడివైపు హార్డ్‌డిస్క్ చిన్న బొమ్మ ఉంటుంది చూడండి, అది మిణుకుతోందంటే లోపల పని నడుస్తోంది. ఒక్కోసారి కుడి కంట్రోల్‌తో పాటు సి తగిలి స్కేల్డ్ మోడ్‌లోకి పోయి మెనూలు మాయమవుతాయి, అదే మళ్లీ నొక్కితే తిరిగొస్తాయి. నవ్వకండి, దీనికి కూడా ఓఎస్ మళ్లీ వేసుకున్నవాళ్లను చూశాను.

ఇక అప్‌డేట్ అయింది ఏది? లోపలి ఉబుంటునా, బయటి విండోసా, వర్చువల్‌బాక్సా? మూడూ ఒకేరోజు అయి ఉండొచ్చు. తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటుంది. ఉబుంటు ఐఎస్‌ఓ ఫైలు (ఇన్‌స్టాల్ చెయ్యడానికి దించుకున్న సీడీలాంటి ఫైలు) మీ దగ్గర ఉంటే, అదే వీఎంకు సీడీలాగా తగిలించి దాన్నుంచి బూట్ చెయ్యండి. "ట్రై ఉబుంటు" డెస్క్‌టాప్ శుభ్రంగా వస్తే బయట అంతా బాగున్నట్టే, తప్పు లోపలి ఇన్‌స్టలేషన్‌లో ఉంది. ఇదీ నల్లగానే ఉంటే లోపల ఎంత తవ్వినా లాభం లేదు.

బయటి సెట్టింగులు

వీఎం ఆఫ్‌లో ఉన్నప్పుడే ఇవి మారతాయి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరవండి.

మొదట 3డీ యాక్సిలరేషన్ టిక్ తీసేసి బూట్ చేసి చూడండి. బయటి గ్రాఫిక్స్ డ్రైవరో, లోపలి కొత్త డెస్క్‌టాపో మారినప్పుడు గొడవ వచ్చే చోటు ఇది. ప్రోగ్రాములు రాసుకోవడానికి, టెర్మినల్ వాడుకోవడానికి 3డీ లేకపోతే కొంపేం మునగదు.

తర్వాత గ్రాఫిక్స్ కంట్రోలర్. లోపల లినక్స్ ఉంటే వీఎంఎస్‌వీజీఏ, విండోస్ ఉంటే వీబాక్స్‌ఎస్‌వీజీఏ ఉండాలి. మూడోది వీబాక్స్‌వీజీఏ, అది పాతకాలం ఓఎస్‌ల కోసం. ఎన్నడో చేసిన వీఎంను అలాగే వాడుతూ ఓఎస్‌ను మాత్రం పెంచుకుంటూ వచ్చినవాళ్ల దగ్గర ఇది ఇంకా కనిపిస్తుంది, మార్చెయ్యండి. వీడియో మెమరీ 16 ఎంబీ అని ఉంటే 128కి జరపండి, స్లైడర్‌లో అదే చివరి హద్దు.

ఒక్కటి మార్చడం, బూట్ చేసి చూడడం, అప్పుడు రెండోది. మూడూ ఒకేసారి మార్చి బొమ్మ వచ్చిందని సంబరపడితే, వచ్చే నెల మళ్లీ పోయినప్పుడు దేనివల్ల బాగైందో గుర్తుండదు.

బయటిది విండోస్ అయితే వీఎం విండో కింద పచ్చ తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే హైపర్‌వీ (వీఎంలు నడపడానికి విండోస్‌లోనే ఉండే ఏర్పాటు) మధ్యలో దూరిందని, వర్చువల్‌బాక్స్ దాని మీద కూర్చుని నడుస్తోందని అర్థం. నిజంగానే తాబేలులాగే నడుస్తుంది. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉండడం దీనికి ఒక కారణం. అది భద్రత కోసం పెట్టింది, కాబట్టి వీఎం నిజంగా నడవకపోతేనే ఆలోచించి తీయండి.

బయట కూడా లినక్సే ఉన్నవాళ్లకు వేరే కథ. 6.12 కెర్నల్ నుంచి కేవీఎం (వీఎంలు నడపడానికి లినక్స్‌లోనే ఉండే ఏర్పాటు) బూట్‌లోనే ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ను పట్టేసుకుంటోంది. ఉబుంటు 24.04 మొదట 6.8తో వచ్చినా 2025 ఆగస్టు తర్వాత చాలా డెస్క్‌టాపులు 6.14కు చేరాయి, అక్కడ ఇది బయటపడింది. అప్పుడు నల్ల స్క్రీన్ రాదు, వీఎంఎక్స్ రూట్ మోడ్ అన్న మాటలతో ఒక ఎర్రర్ వచ్చి వీఎం మొదలే కాదు. బయటి టెర్మినల్‌లో "సుడో మోడ్‌ప్రోబ్ హైఫన్ ఆర్ కేవీఎం అండర్‌స్కోర్ ఇంటెల్" కొట్టండి, ఏఎండీ ప్రాసెసరైతే చివర ఇంటెల్ బదులు ఏఎండీ.

వెనక తలుపు నుంచి లోపలికి

మా వాడి కథ ఇక్కడే తేలింది. లినక్స్‌లో బొమ్మల డెస్క్‌టాప్ ఒక్కటే ఉండదు, పక్కన అక్షరాల కన్సోల్స్ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మామూలు కంప్యూటర్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కాలి. వర్చువల్‌బాక్స్‌లో అలా నొక్కితే బయటి ఓఎస్ మధ్యలో పట్టుకోవచ్చు, అందుకే హోస్ట్ కీ, అంటే కుడి కంట్రోల్ పట్టుకొని ఎఫ్3 నొక్కండి. చాలా లాప్‌టాపుల్లో ఎఫ్ కీలకు ఎఫ్‌ఎన్ కూడా పట్టుకోవాలి. కుడి కంట్రోలే లేని కీబోర్డులు కొన్ని ఉన్నాయి, అప్పుడు ఇన్‌పుట్ మెనూలో కీబోర్డ్ కింద సాఫ్ట్ కీబోర్డ్ తెరిచి మౌస్‌తో నొక్కొచ్చు.

"మామా, ఏదో లాగిన్ అని వచ్చింది!" అన్నాడు. నాకు సగం టెన్షన్ అక్కడే తగ్గింది. కెర్నల్ బతికే ఉంది, డిస్కు చదువుతోంది. యూజర్ పేరు కొట్టి పాస్‌వర్డ్ కొట్టమన్నాను. "పడుతలేదు మామా, చుక్కలు గూడ వస్తలేవు" అన్నాడు. ఈ కన్సోల్‌లో పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనిపించదు, గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కాలి.

లోపలికి పోగానే మొదటి కమాండ్ "డీఎఫ్ హైఫన్ హెచ్". డిస్కులో ఎంత జాగా మిగిలిందో చూపిస్తుంది. చివరి కాలమ్‌లో ఒంటరిగా స్లాష్ ఉన్న వరుస చూడమన్నాను. కాసేపు నిశ్శబ్దం, తర్వాత "వంద శాతం అంటుంది మామా" అన్నాడు.

దొరికింది. 25 జీబీ డిస్కు పెట్టుకున్నాడు, అందులో డౌన్‌లోడ్లు, పాత కెర్నళ్లు, ఇప్పుడు అప్‌డేట్ తెచ్చిన ప్యాకేజీలు. డిస్కు పూర్తిగా నిండితే లాగిన్ స్క్రీన్ ప్రోగ్రాం తనకు కావాల్సిన చిన్న చిన్న ఫైళ్లు కూడా రాసుకోలేక పడిపోతుంది, మనకు కనిపించేది మాత్రం నలుపే. అప్‌డేట్ కూడా జాగా చాలక మధ్యలోనే ఆగి ఉంటుంది.

ఇక వరుసగా ఈ పనులు చేయించాను. "సుడో ఆప్ట్ క్లీన్" దించుకున్న ప్యాకేజీ ఫైళ్లను తుడిచేస్తుంది. "సుడో జర్నల్‌సీటీఎల్ హైఫన్ హైఫన్ వాక్యూమ్ హైఫన్ సైజ్ ఈక్వల్స్ 100ఎం" పాత లాగులను, అంటే సిస్టమ్ రాసుకునే చిట్టాలను, 100 ఎంబీకి కుదిస్తుంది. ఇక్కడ ఎం పెద్దబడి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో రెండు ఐఎస్‌ఓలు పడి ఉన్నాయి, అవి తీసేయించాను. మళ్లీ డీఎఫ్ కొడితే 71 శాతానికి దిగింది.

జాగా వచ్చాక సగంలో ఆగిన అప్‌డేట్‌ను పూర్తిచెయ్యాలి: "సుడో డీపీకేజీ హైఫన్ హైఫన్ కాన్ఫిగర్ హైఫన్ ఏ", అది అయ్యాక "సుడో ఆప్ట్ హైఫన్ హైఫన్ ఫిక్స్ హైఫన్ బ్రోకెన్ ఇన్‌స్టాల్", చివర "సుడో అప్‌డేట్ హైఫన్ ఇనిట్ర్యామ్‌ఎఫ్‌ఎస్ హైఫన్ యూ హైఫన్ కే ఆల్". ఈ ఆఖరిది బూట్‌కు కావాల్సిన ఫైలును ప్రతి కెర్నల్‌కూ తిరిగి తయారు చేస్తుంది. గాలివానకు కరెంటు పోయి, బ్యాటరీ ఆగని లాప్‌టాప్ అప్‌డేట్ మధ్యలో ఆరిపోయిన కేసులకూ మందు ఇదే మూడు కమాండ్లు. తర్వాత "సుడో రీబూట్".

కన్సోల్ కూడా రాకపోతే గ్రబ్

కుడి కంట్రోల్, ఎఫ్3 కొట్టినా నలుపే అంటే కెర్నల్ దగ్గరే చిక్కు. ఏ కెర్నల్‌తో బూట్ అవ్వాలో ఎంచుకునే మెనూ గ్రబ్, దాన్ని తెరవాలి. వీఎంను రీసెట్ చేసి, వెంటనే విండోలో ఒకసారి క్లిక్ చేసి షిఫ్ట్ పట్టుకోండి. క్లిక్ చెయ్యకపోతే కీబోర్డ్ లోపలికి పోదు. వీఎం సెట్టింగుల్లో ఈఎఫ్ఐ ఆన్ చేసి ఉంటే షిఫ్ట్ బదులు ఎస్కేప్. ఎస్కేప్‌ను టకటకా పదిసార్లు కొడితే మెనూ దాటి గ్రబ్ అని రాసున్న ఖాళీ కమాండ్ లైన్‌లో పడతారు, కంగారు లేదు, రీసెట్ చేసి ఈసారి ఒకటి రెండుసార్లే నొక్కండి.

మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లోకి పోతే రెండో మూడో కెర్నళ్లు కనిపిస్తాయి. పైది కొత్తది, కిందివి పాతవి. పాతదాన్ని ఎంచుకోండి. డెస్క్‌టాప్ వచ్చేసిందంటే నేరం కొత్త కెర్నల్‌కూ గెస్ట్ అడిషన్స్‌కూ మధ్య ఉందని దాదాపు తేలిపోయినట్టే.

ఎందుకలా అంటే, మనం సీడీ పెట్టి వేసే గెస్ట్ అడిషన్స్‌లో కెర్నల్ మాడ్యూల్స్ ఉంటాయి. టైలర్ దగ్గర కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాలాంటివి అవి, ఏ కెర్నల్‌కు కుడితే దానికే పడతాయి. కెర్నల్ మారితే తిరిగి కుట్టాలి. కుట్టడానికి కంపైలర్, ఆ కెర్నల్ హెడర్స్ ఉండాలి, అవి లేకపోతే పని సగంలో ఆగిపోతుంది. పైగా రెండేళ్ల కింద వేసిన పాత అడిషన్స్‌కు ఇవాళ్టి కెర్నల్ అర్థమే కాకపోవచ్చు.

పాత కెర్నల్‌లో ఉండగానే "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్ హైఫన్ ఎసెన్షియల్ డీకేఎంఎస్ లినక్స్ హైఫన్ హెడర్స్ హైఫన్ జెనరిక్" కొట్టండి. ఇప్పుడు డివైసెస్ మెనూలో గెస్ట్ అడిషన్స్ సీడీ ఇన్సర్ట్ చేసి మళ్లీ రన్ చెయ్యండి. బయటి వర్చువల్‌బాక్స్ ఏ వెర్షనో లోపలి అడిషన్స్ కూడా అదే వెర్షన్ ఉండేలా చూసుకోండి. కొత్త కెర్నల్‌తో కన్సోల్ వరకైనా వస్తుంటే అక్కడ "సుడో స్లాష్ ఎస్‌బిన్ స్లాష్ ఆర్‌సీవీబాక్స్‌యాడ్ సెటప్" కొడితే మాడ్యూల్స్ ఆ కెర్నల్‌కు తయారవుతాయి.

ఒక హెచ్చరిక. ఉబుంటు తన రిపోజిటరీలో కూడా ఇవే పనులు చేసే ప్యాకేజీలు ఇస్తుంది, పేరు వర్చువల్‌బాక్స్ హైఫన్ గెస్ట్‌తో మొదలవుతుంది. అవీ ఉండి, సీడీ నుంచి కూడా వేస్తే రెండు కత్తులు ఒక ఒరలో పెట్టినట్టే. ఏదో ఒకటే ఉంచండి. రెండూ తీసేసినా ఇప్పటి కెర్నళ్లలో అవసరమైన డ్రైవర్లు ముందే కలిసి ఉంటాయి కాబట్టి బొమ్మ రావాలి. ఎటూ తేలనప్పుడు నేను ముందు అన్నీ తీసేసి బొమ్మ తెచ్చుకొని, ఆ తర్వాతే అడిషన్స్ ఎక్కిస్తాను.

పాత కెర్నల్‌తో కూడా రాకపోతే గ్రబ్ మెనూలో ఉబుంటు మీద నిలబడి ఇ నొక్కండి. లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుస చివరికి పోయి, ఒక స్పేస్ ఇచ్చి "నోమోడ్‌సెట్" అని చేర్చి ఎఫ్10 నొక్కండి. కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్లు స్క్రీన్‌ను తమ చేతుల్లోకి తీసుకోకుండా ఇది ఆపుతుంది. ఈ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది, కాబట్టి భయం లేదు. కొన్నిసార్లు డెస్క్‌టాప్ రాదు, కన్సోల్ మాత్రమే వస్తుంది, మనకు కావాల్సింది కూడా అదే.

పాస్‌వర్డ్ కొట్టాక నల్లబడితే

కన్సోల్‌లో "సుడో యాడ్‌యూజర్ పరీక్ష" అని కొత్త యూజర్‌ను చేసి, ఆ పేరుతో డెస్క్‌టాప్‌లోకి పోయి చూడండి. వాడికి వస్తోంది, మీకు రావట్లేదంటే సిస్టమ్ బాగుంది, మీ హోమ్ ఫోల్డర్‌లోనే ముల్లు ఉంది. ఉబుంటు వెర్షన్ పెద్దదిగా మారినప్పుడు పాత గ్నోమ్ (ఉబుంటు డెస్క్‌టాప్ పేరు) ఎక్స్‌టెన్షన్లు కొత్త డెస్క్‌టాప్‌ను లేవనివ్వకపోవచ్చు. హోమ్‌లో డాట్ లోకల్, షేర్, గ్నోమ్ హైఫన్ షెల్ లోపల ఉన్న ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్ పేరు మార్చి చూడండి. ఎప్పుడైనా సుడోతో డెస్క్‌టాప్ లేపడానికి ప్రయత్నించి ఉంటే డాట్ ఎక్స్‌అథారిటీ (ఎక్స్ పెద్దబడి) ఫైలు రూట్, అంటే అడ్మిన్, పేరు మీదికి పోయి ఉంటుంది, దాన్ని తీసేస్తే మళ్లీ పుడుతుంది.

కొత్త యూజర్‌కు కూడా రాకపోతే లాగిన్ స్క్రీన్‌లో కింద కుడి మూలన పళ్లచక్రం నొక్కి "ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్" ఎంచుకోండి. వేలాండ్ అనే, స్క్రీన్ మీద బొమ్మ చూపించే కొత్త పద్ధతితో వచ్చే పేచీలు దీంతో తప్పుతాయి. ఉబుంటు 25.10 నుంచి ఈ ఎంపిక తీసేశారు, అక్కడ దీనికోసం వెతికి టైం వేస్ట్ చేసుకోవద్దు.

లాగులు చూడాలనుకుంటే "జర్నల్‌సీటీఎల్ హైఫన్ బీ హైఫన్ పీ ఈఆర్‌ఆర్". అందులో వీఎండబ్ల్యూజీఎఫ్‌ఎక్స్ అనే డ్రైవర్ "అన్‌సపోర్టెడ్ హైపర్‌వైజర్" అని ఎర్రటి అక్షరాల్లో అరుస్తుంది. అది వీఎంవేర్ కోసం రాసిన డ్రైవర్, వర్చువల్‌బాక్స్ వీఎంఎస్‌వీజీఏ ఆ కార్డునే అనుకరిస్తుంది, అందుకే ఆ సణుగుడు. బొమ్మ బాగా వస్తున్న వీఎంలలో కూడా ఉంటుంది, దాని వెంట పడొద్దు.

వీఎంవేర్, కేవీఎం, లోపల విండోస్

వీఎంవేర్‌లో ముందు 3డీ టిక్ తీసి చూసి, లోపల ఓపెన్ హైఫన్ వీఎం హైఫన్ టూల్స్ హైఫన్ డెస్క్‌టాప్ ప్యాకేజీ మళ్లీ వెయ్యండి. కేవీఎం వాడేవాళ్లు వర్ట్ మేనేజర్‌లో వీడియో మోడల్ క్యూఎక్స్ఎల్ ఉంటే వర్టియోకు మార్చండి. లోపల విండోస్ ఉంటే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే డిస్‌ప్లే డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే సేఫ్ మోడ్‌లోకి పోయి గెస్ట్ అడిషన్స్ తీసేసి మళ్లీ వెయ్యాలి.

ఏదీ పనిచేయకపోతే ఫైళ్లు బయటికి తీయడం

తెల్లారితే ఎగ్జాం ఉన్నప్పుడు రిపేర్ ముఖ్యం కాదు, ఫైళ్లు ముఖ్యం. ఇందాకటి ఐఎస్‌ఓ నుంచి "ట్రై ఉబుంటు"లోకి పోండి. ఫైల్స్ తెరిస్తే ఎడమవైపు మీ పాత డిస్కు ఒక వాల్యూమ్‌లాగా కనిపిస్తుంది. క్లిక్ చేసి హోమ్‌లోకి పోతే అన్నీ అక్కడే ఉంటాయి. బ్రౌజర్ తెరిచి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించండి, లేదా మీకు మీరే మెయిల్ చేసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్‌క్రిప్షన్ పెట్టుకొని ఉంటే మాత్రం ఆ పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది.

మా వాడికి అంత దూరం రాలేదు. రీబూట్ అయ్యాక లాగిన్ స్క్రీన్ వచ్చింది, టైం పదకొండు ముప్పావు. ముందు ప్రోగ్రాముల ఫోల్డర్‌ను జిప్ చేసి నాకు మెయిల్ చేయమన్నాను, ఆ తర్వాతే ఫోన్ పెట్టేశాను.

ఎగ్జాం అయిన సాయంత్రం వాడి డిస్కును 50 జీబీకి పెంచాం. వీఎం ఆఫ్ చేసి, ముందు స్నాప్‌షాట్లు తీసేసి, వర్చువల్‌బాక్స్ మీడియా మేనేజర్‌లో సైజు స్లైడర్ జరిపితే డిస్కు పెరుగుతుంది, కానీ లోపలి పార్టిషన్ పాత సైజులోనే ఉంటుంది. ఐఎస్‌ఓ నుంచి బూట్ చేసి జీపార్టెడ్‌లో దాన్ని కుడివైపుకు లాగి అప్లై కొట్టాలి. ఆ కుడివైపు లాగే పని మర్చిపోయి "మామా, 50 పెట్టినా డీఎఫ్‌లో 25 అనే చూపిస్తుంది" అని మా వాడు మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి రాత్రి పదకొండుకు.